వేళ కాకముందే పాడిన మంగళం

మొన్న ఇంటికి రంగులు వేయించడానికి అటక ఖాళీ చేయిస్తుంటే మా పాత హారతి పళ్ళెం బయటపడింది. నాన్న ఖాకీ చొక్కా చింపిన గుడ్డలో చుట్టి, పురికొసతో రెండు ముళ్ళు వేసి ఉంది. ఆ ముళ్ళు చూడగానే అమ్మ పనేనని తెలిసిపోయింది. ఆవిడ దేనికైనా రెండు ముళ్ళు వేస్తుంది, విప్పేవాళ్ళ ప్రాణం తీస్తుంది. సీతాఫల్‌మండిలో మా ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. హాలు మధ్యలో కుర్చీ వేసుకుని రంగులవాళ్ళకి పని నేర్పుతున్న అమ్మ, ఆ మూట చూసి మాట మధ్యలోనే ఆపేసింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, కర్పూరం మాడిన నల్లటి మచ్చ మీద బొటనవేలితో రుద్ది, ఆ వేలు వాసన చూసుకుంది. "ఖలీల్ ఎక్కడున్నాడే ఇప్పుడు?" అని అడిగింది. మా పాత భజనలో డోలక్ వాయించిన ఖలీల్ మామ లాలాగూడలోనే కొడుకు దగ్గర ఉంటున్నాడని, రంజాన్‌కి ఫోన్లో మాట్లాడానని చెప్పాను. "అయితే శనివారం రమ్మను. డోలక్ తెచ్చుకోమను" అంది.

అంతే, నాకు భయం పట్టుకుంది. ఎనిమిదేళ్ళ వయసులో ప్రతి శనివారం సాయంత్రం పట్టుకున్న భయమే. నేను పుట్టుకతోనే భయస్తురాలిని. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను, వీధి మలుపు దాటాక మళ్ళీ వచ్చి నాలుగోసారి లాగుతాను. అమ్మ నన్ను బెంగల పుట్ట అంటుంది. అనుకోనీ. కానీ ఈసారి నా బెంగకి డాక్టరు చీటీ కూడా ఉంది. అమ్మ గుండె బలహీనపడిందని, మెట్లు ఎక్కనివ్వద్దని, ఆయాసం వచ్చే పనేదీ చేయనివ్వద్దని రెండు నెలల కిందటే చెప్పారు. డోలక్ తెచ్చుకోమందంటే దాని వెనకాల ఏం రాబోతోందో నాకు అర్థమైంది. అమ్మ తన పాట పాడతానంటుంది. యాభై ఏళ్ళు దాటింది ఆవిడ ఆ పాట పాడి. మాన్పించింది నేనే.

మేము లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. బాపట్ల వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి, నాయనమ్మనీ భజననీ వెంట తెచ్చుకున్నాడని మా అమ్మ నవ్వుతూ అనేది. శనివారం వచ్చిందంటే ఇంటి నడకే మారిపోయేది. వర్క్‌షాపు సైరన్ మోగిన కాసేపటికి నాన్న సైకిలు గోడకి ఆనించి, పెరట్లో కిరసనాయిలుతో చేతులు కడుక్కునేవాడు. తరవాత సబ్బు, తరవాత సున్నిపిండి. అయినా దగ్గరికెళ్తే ఇనుమూ నూనే కలిసిన వాసన వచ్చేది. అమ్మ ముందుగది కడిగి, ముగ్గు వేసి, జంపఖానా పరిచేది. పులిహోర కలిపేటప్పుడు ఇంగువ వాసనా, ఆరబెట్టిన అన్నం మీద వేసిన పచ్చి నూనె వాసనా నాలుగిళ్ళ అవతలికి వెళ్ళేవి. నాయనమ్మ గోడ వారగా పీట మీద కూర్చుని వత్తులు చేస్తూ, ముగ్గు వంకరగా ఉందనీ, పులిహోరలో ఉప్పు తక్కువైందనీ ఎవరికీ కాకుండా అందరికీ వినబడేలా చెప్పేది. రుచి చూడకుండా ఉప్పు సంగతి ఎలా తెలుసని అడిగితే వాసనబట్టి అనేది. అది నిజమే అయ్యేది కూడా.

దీపం వెలిగించే వేళకి పదిహేను, ఇరవై మంది చేరేవాళ్ళు. అందరూ వర్క్‌షాపువాళ్ళూ వాళ్ళ ఇంటివాళ్ళూ. గది మధ్యలో దీపపు కుందె, దాని చుట్టూ వలయంగా కూర్చునేవాళ్ళు. మా భజనకి కొన్ని కట్టుబాట్లు ఉండేవి, అవి నాయనమ్మ పెట్టినవి. ఎత్తుకున్న పాట మధ్యలో ఆపకూడదు. ఒకరి పాట మరొకరు ఎత్తుకోకూడదు. చివర మంగళం ఎత్తుకునే పని ఇంటి ఆడపిల్లది. పళ్ళెం రెండు చేతులతోనే పట్టుకోవాలి. మంగళం ఎత్తుకోగానే ఎవరెక్కడున్నా లేచి నిలబడి గొంతు కలపాలి, ఆ తరవాత ఇంక పాట లేదు. ఎవరి వంతు మిగిలిపోయినా సరే, జంపఖానా చుట్టేయాల్సిందే. అంటే, పాడేవాళ్ళందరిలోకీ చిన్నదాన్నయిన నా చేతిలోనే భజన ముగింపు ఉండేది. ఆ సంగతి ఎవరూ అంతగా ఆలోచించి ఉండరు. నేను ఆలోచించాను.

ఖలీల్ మామ డోలక్ వాయించేవాడు. నాన్న పక్క బెంచీ మీదే పనిచేసే కుర్ర ఫిట్టరు. ఖవ్వాలీలకి వాయించడం వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నాడట. మొదటిసారి నాన్న పిలుచుకొచ్చినప్పుడు నాయనమ్మ మొహం కాస్త ముడుచుకుంది కానీ, రెండో పాటకే ఆవిడ మోకాలి మీద వేళ్ళు ఆడటం అందరూ చూశారు. ఆ తరవాత అతనికి పులిహోర పొట్లం ఆవిడే స్వయంగా కట్టేది. మా అమ్మని అక్కా అని పిలిచేవాడు. వాయించేటప్పుడు చేతుల వైపు చూసుకునేవాడు కాదు, పాడేవాళ్ళ మొహం చూసేవాడు. అలా ఎందుకని ఒకసారి అడిగితే, చేతులకి వాటి పని తెలుసు, మొహం చూస్తేనే పాట ఎటు పోతుందో తెలుస్తుందని చెప్పాడు.

అమ్మ ఒకే ఒక్క పాట పాడేది, అందరి తరవాత. వాళ్ళ అమ్మమ్మ నేర్పిన పాట. పొద్దుపోయినా ఆటలు మాని ఇంటికి రాని కృష్ణుణ్ణి తల్లి పిలుస్తూ ఉంటుంది. ఆవులన్నీ వచ్చేశాయి, దీపాలు పెట్టేశారు, నువ్వింకా రాలేదేమని. గొప్ప కంఠం కాదు అమ్మది. కానీ రెండో చరణం దాటేసరికి ఆ గొంతులోకి ఏదో వచ్చేది. గదిలో దగ్గులు ఆగిపోయేవి. మూడో చరణం అయ్యాక ఆవిడ పాడటం మానేసేది, చుట్టూ ఉన్నవాళ్ళు పల్లవి అందుకునేవాళ్ళు. అమ్మ మాత్రం ఇంక అక్కడ ఉండేది కాదు. పూనకం కాదది. ఊగడం, అరవడం ఏమీ లేవు. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండేది, కళ్ళు తెరిచే ఉండేవి, చేతులు చల్లబడేవి. పెదవుల మీద మాకెప్పుడూ చూపించని నవ్వు ఒకటి ఉండేది. నాన్న చేతులు జోడించేవాడు. పల్లవి నాలుగుసార్లు తిరిగాక ఖలీల్ మామ మెల్లగా తాళం తగ్గించేవాడు, అమ్మ రెప్ప వేసేది, చుట్టూ చూసి, "పాలు పొయ్యి మీద ఉన్నాయా?" అని అడిగేది. ప్రతిసారీ అదే మాట. అప్పుడు నేను ఊపిరి వదిలి, మంగళం ఎత్తుకునేదాన్ని.

ఆ నవ్వు చూసి నాకు అసూయ కలిగేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. కానీ భయం దాన్ని మించిపోయింది. దానికి కారణం నాయనమ్మే. వాళ్ళ ఊళ్ళో ఒకావిడ ఇలాగే పాడుతూ పాడుతూ వెళ్ళిపోయిందనీ, పిల్లలు ఎంత పిలిచినా తిరిగి రాలేదనీ, దేవుడిలో ఐక్యమైపోయిందనీ, అంత అదృష్టం ఎవరికి వస్తుందనీ వత్తులు చేస్తూ చెప్పింది. పెద్దవాళ్ళు చేతులు జోడించారు. నేను మాత్రం ఆ పిల్లల గురించి ఆలోచించాను. మర్నాడు వాళ్ళకి జడలు ఎవరు వేసి ఉంటారు? ఆ వారం నుంచి పాట మొదలవగానే అమ్మ పక్కకి జరిగి, ఆవిడ కొంగు చివర నా పిడికిట్లో పట్టుకుని కూర్చునేదాన్ని. ఆవిడ గుండెల మీద చీర కదులుతోందా లేదా అని చూసేదాన్ని. నలుగురూ నన్ను చూసి ఎంత భక్తో అనుకునేవాళ్ళు.

అమ్మ సంగతి మెల్లగా బయటికి పాకింది. లాలాగూడలో ఒకావిడకి పాట పాడుతుంటే దేవుడు కనబడతాడట అని చెప్పుకోసాగారు. తెలియనివాళ్ళు రావడం మొదలైంది. కొందరు పాట అయ్యాక అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆవిడ కాళ్ళు లోపలికి ముడుచుకుని, నేనేమిటి, నాకేమిటి అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయేది. నాన్నకి మాత్రం లోలోపల గర్వం. అలా ఒక శనివారం రాంగోపాల్‌పేట్ నుంచి బట్టల దుకాణం వాళ్ళ కుటుంబం వచ్చింది. వాళ్ళతో నాలుగేళ్ళ పాప ఉంది, ఇంకా మాటలు రాలేదు. అమ్మ ఆ స్థితిలో ఉండగా పాప తల మీద ఆవిడ చెయ్యి పెట్టించాలని వాళ్ళ కోరిక. నాన్న సరేనన్నాడు. అమ్మని అడిగాడో లేదో నాకు తెలియదు.

ఆ రోజు అమ్మ ఎప్పటికంటే త్వరగా వెళ్ళిపోయింది. రెండో చరణం మధ్యలోనే గొంతు ఆగింది. పల్లవి నాలుగుసార్లు తిరిగింది. ఖలీల్ మామ తాళం తగ్గించబోతుంటే, ఆపొద్దని నాన్న చేత్తో సైగ చేశాడు. వచ్చినవాళ్ళు పాపని ముందుకు తెచ్చి, అమ్మ చెయ్యెత్తి దాని తల మీద పెట్టారు. ఆ చెయ్యి పెట్టినచోటే ఉండిపోయింది. పల్లవి ఐదోసారి, ఆరోసారి, పదోసారి. తాళాలు జోరందుకున్నాయి. ఎక్కడినుంచో ఒక ఈగ వచ్చి అమ్మ కనురెప్ప మీద వాలింది. రెప్ప కదల్లేదు. నేను అమ్మా అన్నాను. వినబడలేదేమోనని గట్టిగా అన్నాను. మూడోసారి అరిచాను. పక్కనున్నవాళ్ళు ఉష్ అన్నారు. ఈగ అక్కడే నడుస్తోంది.

నేను చేసింది ఆలోచించి చేసింది కాదు. ఎడమచేత్తో కొంగు వదలకుండానే ముందుకి వంగి, కర్పూరం బిళ్ళ దీపానికి తగిలించాను. వేళ్ళు చురుక్కుమన్నాయి. దాన్ని పళ్ళెంలో పడేసి, ఒంటిచేత్తో ఎత్తి, ఉన్న గొంతంతా పెట్టి మంగళం ఎత్తుకున్నాను. ఒక్క క్షణం గది మొత్తం తెల్లబోయింది. ఒకపక్క పల్లవి నడుస్తోంది, ఇంకోపక్క నా మంగళం. పాట మధ్యలో ఆపకూడదు. మంగళం ఎత్తుకుంటే కలవకుండా ఉండకూడదు. ఏ కట్టుబాటు తప్పాలో తెలియక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు ఖలీల్ మామ నా మొహం చూశాడు. డోలక్ మీద చెయ్యి ఒక్కసారి ఆగి, తాళం మార్చి, మంగళంలో కలిసింది. ఇంక ఎవరికీ దారి లేకపోయింది. అందరూ లేచారు.

హారతి సెగ మొహానికి తగిలాక అమ్మ తిరిగొచ్చింది. పాల గురించి అడగలేదు. నన్ను చూసింది, పళ్ళాన్ని చూసింది, కాలిన నా వేళ్ళని చూసింది. ఆ చూపు ఇన్నేళ్ళుగా నా వెంట ఉంది. పళ్ళెం నా చేతిలోంచి తీసుకుని, వేళ్ళ మీద ఊది, వంటింట్లోకి తీసుకెళ్ళి వెన్న రాసింది. రాంగోపాల్‌పేట్ వాళ్ళు ప్రసాదం తీసుకోకుండానే వెళ్ళిపోయారు. దేవుడు గుమ్మం ఎక్కే వేళకి తలుపు వేసింది దిక్కుమాలింది, అదీ ఒంటిచేత్తో, అని నాయనమ్మ తల బాదుకుంది. నాన్న నన్ను ఏమీ అనలేదు, వారం రోజులు మాట్లాడలేదు. తరవాతి శనివారం అమ్మ పులిహోర కలిపి, వంటింట్లోనే ఉండిపోయింది. పాడమని నాన్న అడిగితే పాట మరుపొచ్చిందని చెప్పింది. ఆ తరవాత అంట్లు తోముతున్నప్పుడు గానీ, మా తమ్ముణ్ణి నిద్రపుచ్చుతున్నప్పుడు గానీ ఆ పాట కూనిరాగంగా కూడా ఆ నోట వినలేదు. ఖలీల్ మామ డోలక్, నేను మంగళం, అన్నీ మామూలుగానే జరిగాయి. బదిలీలూ రిటైర్మెంట్లూ వచ్చి భజన మెల్లగా పలచబడి, నాన్న పోయాక ఆగిపోయింది. అమ్మ దగ్గరినుంచి దేవుణ్ణి వెళ్ళగొట్టింది నేనేనన్న మాట మాత్రం నాలో ఉండిపోయింది. అడిగే ధైర్యం ఏ రోజూ రాలేదు. అవునంటుందేమోనని భయం.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో కూడా శనివారం భజన జరుగుతుంది, కింద పార్కింగులో. స్పీకర్లు పెడతారు, పాటలు తెర మీద వస్తాయి, టైముకి మొదలై టైముకి అయిపోతుంది. బాగానే ఉంటుంది, నేనూ వెళ్తాను. పాడేవాళ్ళ గొంతులు మా లాలాగూడ గొంతుల కంటే ఎంతో నయం. కానీ అక్కడ ఎవరికీ ఒళ్ళు తెలియకుండా పోవడం నేను చూడలేదు. పోతే పక్కవాళ్ళు ఫోను తీసి వీడియో పడతారు, లేదా అంబులెన్సు పిలుస్తారు. నేనైతే అంబులెన్సే పిలుస్తాను. ఎటూ పోనివ్వని ఈ భజనలో నాకు హాయిగా ఉంటుంది. ఆ హాయి చూసుకుని కొన్నిసార్లు నాకే సిగ్గేస్తుంది.

శనివారం పొద్దున్న అమ్మకి తలంటు పోసి జడ వేస్తూ, ఖలీల్ మామ వస్తే కబుర్లు చెప్పుకోండి చాలు, పాట వద్దు, డాక్టరు వద్దన్నారని బతిమాలాను. ఆవిడ అద్దంలో నన్ను చూస్తూ చెప్పింది.

"ఆ రోజు నువ్వు మూడుసార్లు పిలిచావట. తరవాత ఖలీల్ చెప్పాడు. నాకు ఒక్కసారి కూడా వినబడలేదే. కన్నపిల్ల అమ్మా అని అరిస్తే వినబడని చోటు ఎంత బావుంటే మాత్రం నాకెందుకని మానేశాను."

"నా మీద కోపంతో కాదా?" అన్నాను. నా గొంతు నాకే ఎనిమిదేళ్ళ పిల్ల గొంతులా వినబడింది.

"నీ మీద కోపమేమిటే, పిచ్చిదానా. నా మీద నాకే భయమేసింది. అప్పుడు నీకు ఎనిమిదేళ్ళు, తమ్ముడు చంటివాడు. ఇప్పుడు నీకు అరవై దాటాయి, జడ నువ్వే నాకు వేస్తున్నావు. ఒక్కసారి వెళ్ళొస్తాను. మంగళం మాత్రం నేను చెప్పేదాకా ఎత్తుకోకు."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ నేను దేవుణ్ణి వెళ్ళగొట్టాననుకున్నాను. ఆవిడ దేవుణ్ణి పక్కన పెట్టి నాకు జడలు వేసింది. అది తెలిశాక వద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అలాగని సరేనని ఎలా చెప్పను? జడ విప్పి మళ్ళీ వేశాను.

సాయంత్రం ఖలీల్ మామ వచ్చాడు. గడ్డం పూర్తిగా నెరిసింది, లిఫ్టులోంచి బయటికి రావడానికి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. డోలక్ మాత్రం కొత్త తోలు వేయించి నిగనిగలాడుతోంది. నా మొహం చూడగానే, "ఏం బిడ్డా, నువ్వింకా గిట్లనే పరేషాన్ అయితవా?" అన్నాడు. అమ్మకి వినబడకుండా డాక్టరు మాట చెప్పి, కొంచెం చూసి వాయించమన్నాను. తలూపాడు. "గా దినం నీ మొఖం చూస్తె నాకు సుత భయమైంది. గందుకే తాళం మార్చిన. ఇయ్యాల సుత నీ మొఖమే చూస్తా. నువ్వెట్లంటే గట్ల" అన్నాడు.

ముగ్గురమే. జంపఖానా బదులు చాప, ఇంగువ వేసిన పులిహోర, దీపం, పళ్ళెంలో కర్పూరం. నాలుక కింద పెట్టే మాత్ర నా బ్లౌజులో దోపుకున్నాను. అమ్మ పాట ఎత్తుకుంది. గొంతు సన్నగా, అక్కడక్కడా తెగిపోతూ ఉంది. మొదటి చరణంలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. నా చెయ్యి నాకు తెలియకుండానే ఆవిడ కొంగు మీదకి వెళ్ళింది. రెండో చరణం దాటింది. మూడోది సగంలో ఉండగా గొంతు ఆగి, ఆ నవ్వు వచ్చింది. అదే నవ్వు. పల్లవి పాడాల్సింది నేనొక్కదాన్నే. పాడాను. చీర కదులుతోందో లేదో చూస్తూ పాడాను. చెయ్యి ముట్టుకుంటే చల్లగా ఉంది. పల్లవి నాలుగుసార్లు తిరిగింది. కిందనుంచి లోకల్ రైలు కూత గట్టిగా వినబడింది. అమ్మ కదల్లేదు. ఖలీల్ మామ చెయ్యి నెమ్మదించింది. అడుగుతున్నట్టు నా మొహంలోకి చూశాడు. ఒక్క మాట చాలు. అమ్మా అని పిలిస్తే చాలు. మాత్ర ఉంది, ఫోను ఉంది, పళ్ళెం ఎదురుగానే ఉంది. నేను అడ్డంగా తలూపాను. ఆయన మళ్ళీ వాయించాడు. ఐదోసారి, ఆరోసారి. నా కళ్ళకి ఏమీ కనబడటం లేదు, పల్లవి ఆపలేదు.

ఎంతసేపైందో చెప్పలేను. ముందు అమ్మ వేళ్ళు కదిలాయి. తరవాత రెప్ప వేసింది. చుట్టూ చూసి, "పాలు పొయ్యి మీద ఉన్నాయా?" అంది. పొయ్యి మీద పాలు లేవమ్మా అన్నాను. నా పిడికిట్లో నలిగిన తన కొంగు చూసుకుని, కాసేపు ఊపిరి కూడగట్టుకుంది.

"ఈసారి పిలవలేదేమే?"

"పిలిస్తే వచ్చేస్తావేమోనని భయమేసిందమ్మా."

అమ్మ నా వైపు అలాగే చూసింది. "సరే, ఇప్పుడు ఎత్తుకో" అంది.

ఖలీల్ మామ తాళం మార్చాడు. కర్పూరం వెలిగించాను. పళ్ళెం రెండు చేతులతో పట్టుకోవాలి. కొంగు వదిలి లేచాను.